ముఖాముఖి షాట్

మా బావ వేదిక మీద ఏడుస్తున్నాడు. మొసలి కన్నీరు అనడానికి కూడా లేదు, మొసలి పాపం కనీసం నీళ్ళలో ఉంటుంది. మూడేళ్ళు తీసి, ఇప్పుడే ఈ హాల్లో మొదటిసారి వేసి చూపించిన ఈ సముద్రం సినిమాలో మా బావ నీళ్ళలో గడిపింది మొత్తం పదకొండు గంటలు. అందులో సగం పడవ నిచ్చెన పట్టుకుని వేలాడటానికే సరిపోయింది. పడవ కదిలిన పావుగంటకల్లా పొద్దున తిన్నదంతా అలలకు అప్పజెప్పే మనిషి. పత్రికలవాళ్ళు ఆయనకు 'సముద్రపుత్రుడు' అని బిరుదు తగిలించారు. సముద్రాన్ని అడిగి తగిలించారో లేదో తెలియదు.

నా పక్క కుర్చీలో మా అక్క కూర్చుంది. ఆయన భార్య, సినిమాకు నిర్మాత, మాటలు కూడా ఆవిడవే. నేను కెమెరా. నీళ్ళ కింద తీసిందంతా నేనే.

"ఆ తల్లి నన్ను నమ్మింది," అంటున్నాడు బావ మైకులో. "గుడ్లు వదిలి నా దగ్గరకొచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. సముద్రం మన చెయ్యి పట్టుకుని కాపాడమని అడుగుతోందండీ!"

హాలంతా ముక్కులు చీదుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నమ్మిందట! ఆ ఆక్టోపస్ ఏడు మీటర్ల లోతున, ఒక బండ పగులులో కాపురం పెట్టింది. లోపలి కప్పుకు బియ్యపు గింజల్లాంటి గుడ్లు గుత్తులు గుత్తులుగా అతికించి, గుమ్మానికి అడ్డంగా కూర్చుని, వాటి మీదికి రాత్రీ పగలూ నీళ్ళు ఊదుతూ ఉండేది. గుడ్లు కాచినన్నాళ్ళూ అది తిండి ముట్టదు. పిల్లలు బయటపడే వేళకు తాను చచ్చిపోతుంది. దాన్ని బెదరగొట్టకుండా, మసక ఎర్ర దీపంతో పద్దెనిమిది రోజులు తీశాను. పందొమ్మిదో రోజున బావగారు విచ్చేశారు.

పడవ మీద చిన్న తెరలో నేను తీసింది చూసి పెదవి విరిచాడు. "ఇదేంటి, దీని ముఖమే కనబడట్లేదు? ముఖం చూడందే జనం ఏడవరు."

"అది బయటికి రాదు బావా. వస్తే గుడ్లు దక్కవు."

"ఒక్క నిమిషమేలే. నాకూ దానికీ ముఖాముఖి షాట్ ఒకటి చాలు. నువ్వు కెమెరా ఆపకు, మిగతాది నేను చూసుకుంటా."

చూసుకున్నాడు. మా డైవర్ల దగ్గర మూరెడు స్టీలు కడ్డీ ఒకటి ఉంటుంది. పగడాల మీద చెయ్యి వెయ్యకుండా, ఇసుకలో గుచ్చి నిలదొక్కుకోవడానికి. ఆ కడ్డీ మోసుకెళ్ళడం ఎంత గొప్ప సంస్కారమో కిందటి సినిమాలో ఆయనే పది నిమిషాలు ఉపన్యసించాడు. ఇప్పుడు దాంతోనే ఆ పగులులోకి పొడిచాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి అది పాలిపోయి బయటికొచ్చింది. కడ్డీ లాగేసుకుందామని ఆయన మణికట్టుకు చుట్టుకుంది. నమ్మకం అంటే అదే! ఆయన దాన్ని ముఖానికెదురుగా ఎత్తి పట్టుకుని, కళ్ళద్దాల వెనక నుంచి ప్రేమగా చూశాడు. ఆయన నిమిషం నాలుగు నిమిషాలయింది.

చుట్టూ కాచుకుని ఉన్న చిన్న చేపలు అంతసేపు ఆగలేదు. అది తిరిగి వెళ్ళేసరికి కప్పు నున్నగా ఉంది. అది మళ్ళీ అక్కడే అడ్డంగా కూర్చుని, ఆ నున్నటి రాతి మీదికే నీళ్ళు ఊదడం మొదలుపెట్టింది.

పైకొచ్చాక, "ఎలా వచ్చింది?" అన్నాడు బావ. నేను నీళ్ళు నమిలి, బాగానే వచ్చిందన్నాను.

ఎడిటింగ్ గదిలో అక్క అంతా చూసింది. చూసి, టీ కప్పు కింద పెట్టి, "కడ్డీ తీసెయ్. చేపలు రాకముందే కట్ చెయ్," అంది.

"అబద్ధం కదక్కా!"

"పోయింది ఒక్క గూడేనే. ఇది చూసి నలుగురు మారితే లక్ష గూళ్ళు బతుకుతాయి. చాదస్తం మాని పని చూడు."

మొగుడికి తగ్గ పెళ్ళాం. అయినా పని చూశాను, కట్ చేశాను. కానీ రేపటి నుంచి ఈ సినిమా బళ్ళలో వేస్తారు. ఇవాళ నోరు విప్పకపోతే ఇక జన్మలో విప్పలేనని నాకు తెలుసు.

మూడో వరసలో ఒక టీచరమ్మ లేచింది. "ఆ గుడ్లు పిల్లలయ్యాయా సార్? మా పిల్లలు ముందు అదే అడుగుతారు."

"వేలకొద్దీ, తల్లీ! మా కళ్ళముందే ఈదుకుంటూ వెళ్ళిపోయాయి," అన్నాడు బావ మేకపోతు గాంభీర్యంతో.

నేను లేచాను. అక్క నా చున్నీ పట్టుకుని లాగింది, విడిపించుకున్నాను.

"ఒక్కటి కూడా అవ్వలేదండీ. ఈయన కడ్డీతో పొడిచి తల్లిని బయటికి రప్పించాడు. నాలుగు నిమిషాల్లో గుడ్లన్నీ చేపలు తినేశాయి. మొత్తం నా దగ్గర రికార్డయి ఉంది."

బావ, దొంగకు తేలు కుట్టినట్టు, మైకు పట్టుకుని నిలబడిపోయాడు. మూడేళ్ళ కచ్చ తీరింది నాకు. నిజం చెప్పొద్దూ, చప్పట్లు పడతాయనుకున్నాను.

టీచరమ్మ బావ వైపు చూడనే లేదు. నన్నే చూస్తోంది.

"అప్పుడు మీరు తీస్తూనే ఉన్నారామ్మా?"

"అవునండీ."

"ఎంత దూరంలో ఉన్నారు?"

"చెయ్యి చాపితే అందేంత."

"చాపారా?"

బావ నన్ను చూశాడు. అక్కా చూసింది. వెక్కిరించడానికి ఆ హాల్లో నాకు ఇంకెవరూ మిగల్లేదు.

"లేదండీ," అన్నాను. "రెండు చేతులతో కెమెరా పట్టుకున్నాను. కదిలితే షాట్ పాడైపోతుంది."