స్వేచ్ఛ మీద ఏడు పేజీల ఉపన్యాసం

దర్శకుడు ఆ బడి మీద మనసు పారేసుకున్నాడు. గంట లేదు, బెత్తం లేదు, పరీక్షలు అసలే లేవు. పిల్లలు చెట్టెక్కి కూర్చుని లెక్కలు చేసుకుంటారు. సినిమాకి ఇంతకంటే ఏం కావాలి? వాగును తియ్యమన్నాడు, చీమల బారును తియ్యమన్నాడు. పిట్టలు తాను చెప్పినప్పుడు కూయడం లేదని సౌండ్ చూసే అతన్ని నానా తిట్లూ తిట్టాడు.

ఇక మిగిలింది ఆఖరి సీను. అందులో మాస్టారి వేషం ఆయనదే. చెట్టుకింద నిలబడి పిల్లలకి స్వేచ్ఛ గురించి ఏడు పేజీల ఉపన్యాసం ఇవ్వాలి. నిజం చెప్పాలంటే, ఆ ఏడు పేజీల కోసమే తక్కిన సినిమా అంతా తీశాడు. రేపటినుంచి బడికి సెలవులు. ఎండ గంటలో దిగిపోతుంది.

"ముందు అందరం కూర్చుని మాట్లాడుకోవాలండీ," అంది పేజీలు చదివిన పదేళ్ల పిల్ల.

ఆ బడిలో ఏ పనికైనా గుండ్రంగా కూర్చుని చేతులెత్తాల్సిందే. పెద్ద టీచరుకీ ఒక చెయ్యే, వంటావిడకీ ఒక చెయ్యే.

"మా మాస్టారు ఇంతసేపు మాట్లాడరు. మాట్లాడితే మేం లేచెళ్లిపోతాం," అంది పిల్ల. "దీని బదులు మేం ఆడుకునేది తీయండి."

దర్శకుడు తలలు లెక్కపెట్టాడు. వాళ్లు పదిహేడుమంది. తన యూనిట్ ఇరవైమంది, అందరూ తన ఉప్పు తిన్నవాళ్లే.

"మావాళ్లకీ చేతులున్నాయిగా! వాళ్లనీ కూర్చోనివ్వండి," అన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పిల్లలు సంతోషంగా జరిగి చోటిచ్చారు.

"ఉపన్యాసం వద్దనేవాళ్లు?" అని అడిగింది పిల్ల.

పిల్లల చేతులు లేచాయి. తరవాత కెమెరామన్ చెయ్యి, మేకప్ ఆవిడ చెయ్యి, సౌండ్ అతని చెయ్యి. డ్రైవరైతే రెండు చేతులూ ఎత్తాడు.

"ఒకటి చాలు అంకుల్," అంది పిల్ల.

దర్శకుడు పక్కనున్న భార్య వైపు చూశాడు. సినిమాలో బట్టల పని ఆవిడదే. పద్దెనిమిదేళ్లుగా ఆయన చెప్పిన రంగే కుట్టిస్తోంది. ఆవిడ చెయ్యీ పైనే ఉంది.

"నువ్వు కూడానా? రాసినప్పుడల్లా నీకే కదా వినిపించాను! అప్పుడు నోరెత్తలేదేం?"

"వినిపించారు. ఎలా ఉందని అడగలేదుగా," అందావిడ. "ఇక్కడ వీళ్లు అడిగారు, చెప్పాను."

ఆయనకి కోపం రావలసింది, రాలేదు. సిగ్గేసింది. పిల్లలు అప్పటికే వాగు వైపు పరుగు తీశారు. కెమెరామన్ ఆయన్ని అడక్కుండానే వాళ్ల వెనక వెళ్లిపోయాడు.

ఆయన ఆవిడ పక్కనే చతికిలబడి, "అంత బాగాలేదా?" అని మెల్లగా అడిగాడు.

ఆవిడ కాస్త సర్దుకుని కూర్చుని, ఆయన తీసిన మొదటి సినిమా నుంచి చెప్పడం మొదలుపెట్టింది.