గట్టుకు ఇవతలి వాన

గూళూరులో మధ్యాహ్నం అన్నాలు తిని చెయ్యి కడుక్కునేలోగా వెంకటరాయప్ప ఇంటి మీద వాన పడేది. మండే ఎండల్లో కూడా పడేది. పక్కింటోళ్ళు ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుకునేవాళ్ళు, అంతే. పెరట్లో ఎక్కడో దూరదేశపు మకావ్ చిలకల జత ఉంది. వాటి అడవిలో రోజూ ఆ వేళకు వాన పడుతుంది, ఇక్కడా పడుతుంది. ఇందులో అడగడానికేముంది?

ఎర్రటి ఒళ్ళు, పసుపూ నీలం రెక్కలు. కళ్ళు తెరవని పిల్లలుగా వచ్చినప్పుడు గంజి పట్టి పెంచింది ఆయన కూతురు ప్రమోద. పచ్చికాయల విషం విరగడానికి ఆ పక్షులు అడవిలో ఏటిగట్టు మన్ను తింటాయట. ఆమె పుట్టమన్ను తెచ్చి పెట్టేది. మగది బాదంకాయను కాలితో పట్టుకుని పగలగొట్టి, నమిలి, ఆడదాని నోట్లో పెట్టేది. జత కడితే చచ్చేదాకా విడవవు. ఆ వానతోనే మల్బరీ తోట పచ్చగా ఉండేది. ఆకు కోసి పట్టుపురుగులకు వేసేదీ ప్రమోదే.

తండ్రి పోయి నెల తిరక్కముందే కొడుకులు ఆస్తి పాలు పంచుకోవడానికి కూర్చున్నారు. సిగ్గూ శరమూ ఉంటే గదా! గూళూరు తోట పెద్దోడు నాగరాజకు, సోమేనహళ్ళి చేను చిన్నోడు పురుషోత్తమ్‌కు. తోట పక్కనే గుట్టకింద ఉన్న రాళ్ళచేను ఎవరికీ వద్దు. ప్రమోద మాత్రం బాగేపల్లి రిజిస్ట్రారు ఆఫీసుకొచ్చి, నాకేమీ వద్దని కాయితం మీద సైను పెట్టాల.

"పెడతా. చిలకల్ని జతగా నాకిచ్చెయ్యండి," అనింది.

"వాన నీకిచ్చి మేము మన్ను తినాల్నా?" అన్నాడు నాగరాజ.

ఆడది పెద్దోడికి, మగది చిన్నోడికి అని తేల్చేశారు. ఎద్దుల జత విడదీయాలన్నా మనిషన్నవాడు ఒకసారి ఆలోచిస్తాడు. ఈ పుణ్యాత్ములు ఆలోచించలేదు.

వాన ఆగిపోయింది. ఇక్కడా లేదు, మగదాన్ని తీసుకుపోయిన సోమేనహళ్ళిలోనూ లేదు. ఆడచిలక మేత మానేసి, రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంది. ప్రమోద చేత్తో పెట్టినా తినలేదు.

"అన్నా, జత కలుపు. ఇది చచ్చిపోతాది!" అని మొత్తుకుంది.

నాగరాజ చెవికెక్కలేదు. వాన తెచ్చే చిలకను తమ్ముడు కొట్టేశాడని ఆయన ఏడుపు. అన్నే కొట్టేశాడని తమ్ముడి ఏడుపు. చివరికి చిలకల్ని మార్చుకుందామని మాట్లాడుకున్నారు. మార్చుకుంటారంట! ఏం బుర్రలప్పా ఇవి!

రెండూళ్ళకూ సగం దారిలో టీ అంగడి దగ్గర కలిశారు. పంజరం ఇంకెవరు పట్టినా ఆడది వేళ్ళు కొరుకుతుంది గనక, ప్రమోదను బండి వెనక కూర్చోబెట్టుకొచ్చాడు నాగరాజ. రెండు పంజరాలూ బెంచీ మీద పెట్టగానే చిలకలు కమ్మీల సందులోంచి ముక్కూ ముక్కూ తగిలించుకున్నాయి. వాన మొదలైంది.

"బిన్నా ఎత్తన్నా, తొందరగా! వానంతా ఈడే ఐపోతాది!" అని అరిచాడు పురుషోత్తమ్.

ప్రమోదకు ఒళ్ళు మండిపోయింది. రెండు పంజరాలనూ వాటేసుకుంది.

"ముట్టినారంటే చూడండి! అమ్మ పోయినప్పట్నుంచీ మీకు వండి పెడతా ఉండా, పురుగులు మేపుతా ఉండా. నన్ను మనిషిగా లెక్కెయ్యకపోయినా పోనీలే అనుకుంటి. వీటిని గూడా పంచుకుంటారా? సైనూ లేదు, గీనూ లేదు. నా పాలు నాకు రావాల. మీకు వద్దన్న రాళ్ళచేను నాది. చిలకలు నావి."

బాగేపల్లి బస్సొచ్చింది. పంజరాలతో ఎక్కేసింది. వాన బస్సు మీద పడుతూ వెంటే పోయింది. కండక్టరు చిలకలకు రెండు అర టికెట్లు కొట్టి, "కిటికీలు మూసుకోండప్పా, చిలకలు ఎక్కినాయి," అన్నాడు.

ప్రమోద ఆఫీసులో సైను పెట్టననింది, ఊళ్ళో పెద్దల ముందరా అదే మాటనింది. రాళ్ళచేను ఆమెకే వచ్చింది. అక్కడ ఎండిపోయిన తాటిమొద్దు తొర్రలో ఆడచిలక ఇప్పుడు గుడ్ల మీద కూర్చుంది. రొమ్ము మీద ఈకలు మళ్ళీ మొలిచాయి. మగది మేత తెచ్చి నోటికందిస్తుంది. రోజూ అన్నాల వేళకు వాన పడుతుంది. గట్టుకు అవతల, నాగరాజ ఎండిన మల్బరీ మీద, ఒక్క చుక్క పడదు.

మొన్న నాగరాజ గట్టు దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. తడవలేదు.

"ప్రమోదా, ఈ గట్టు రవ్వంత నీవైపు జరుపుకుందామా?"

ఆమె వానలో తడుస్తూ చిలకలకు పుట్టమన్ను పెడుతోంది. కోపం ఇంకా చల్లారలేదు. ఎందుకు చల్లారాల?

"యాడ గీత గీసినారో ఆడే నిలబడన్నా," అనింది.