శుక్రుడి వెనక సూర్యుడు

అల్లుడిది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. పిచ్చి మాత్రం గ్రహాలది. సెలవు దొరికితే చాలు, డాబా ఎక్కి టెలిస్కోపుకి ఏదో ఒక కెమెరా తగిలించి గ్రహాలకు ఫొటోలు తీస్తూ కూర్చుంటాడు. వీధిలో వాళ్ళు ‘చుక్కల మెకానిక్’ అని పేరు పెట్టారు. అతను నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు కూడా.

అతని దగ్గర కెమెరాలు మూడు. ఒకటి సెల్‌ఫోను. దాన్ని టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే చోట క్లిప్పుతో బిగిస్తాడు. రెండోది పెద్ద కెమెరా. దాని వెనక ఉన్న చిన్న కిటికీకి కన్ను ఆనిస్తే, టెలిస్కోపు పోగుచేసిన వెలుగంతా లోపలి అద్దం మీద పడి తిన్నగా కంట్లోకి వస్తుంది. మూడోది బొటనవేలంత గొట్టం కెమెరా. దానికి కన్ను పెట్టే చోటే లేదు. వైరు లాప్‌టాప్‌లోకి, బొమ్మ తెరమీదికి. నిజానికి మంచి ఫొటోలు వచ్చేది దాంట్లోనే. వీడియో తీసి, వేల బొమ్మల్లోంచి నిలకడగా ఉన్నవి ఏరి ఒకదానిమీద ఒకటి పేరిస్తే గురుడి ఒంటిమీద చారలు కూడా తేటగా కనబడతాయి. మామగారికి మాత్రం ఆ మూడోదంటే బొత్తిగా గిట్టదు.

“తెరమీద చూడాలంటే ఇంట్లో టీవీ లేదా ఏంటి? నా కంటితో నేను చూడాలి అల్లుడూ,” అనేవారు.

ఆయనకున్నది ఒక్కటే కన్ను. కుడికన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. ఎడమకంటికి శుక్లం వస్తే పోయిన నెలలోనే తీయించి, కొత్త లెన్సు వేయించి, కూతురు తనింటికి తెచ్చుకుంది. అప్పట్నించీ మామగారు పసివాడిలా అన్నీ వింతగా చూస్తున్నారు. శుక్రుణ్ణి చూపించమని వారం రోజులుగా అల్లుడి చెవిలో ఒకటే పోరు.

ఆ రోజుల్లో శుక్రుడు సూర్యుడికంటే గంట ముందు పొడుస్తున్నాడు. తెల్లవారుజామున చూద్దామంటే ఎదురింటి మేడ అడ్డం. మేడ దాటి పైకొచ్చేసరికి పగలైపోతుంది. పగలైతేనేం, చోటు తెలిస్తే టెలిస్కోపులో శుక్రుడు నీలాకాశం మధ్యనే సన్నటి నెలవంకలా దొరుకుతాడు. చిక్కల్లా ఒకటే. ముందు శుక్రుడు, గంట వెనకగా సూర్యుడు, ఇద్దరిదీ ఇంచుమించు ఒకే దారి. టెలిస్కోపు కింద మోటారు ఆకాశంతోపాటు దాన్ని మెల్లగా తిప్పుతున్నంతసేపూ సూర్యుడు ఉన్న దూరంలోనే ఉంటాడు. మోటారు ఆగిందా, టెలిస్కోపు ఉన్నచోటే నిలబడిపోతుంది. సూర్యుడు తన దారిన తాను నడిచొచ్చి సరిగ్గా అందులో దూరతాడు. అప్పుడు అక్కడ కన్నుంటే, ఆ కన్ను మళ్ళీ ఇంకోటి చూడదు.

ఇదంతా అల్లుడికి కంఠతా వచ్చు. అందుకే ఆ పొద్దున ఓ చెవి మోటారు మీదే ఉంచి మామగారికి కుర్చీ వేశాడు. ఫోనుతో తీశాడు, పెద్ద కెమెరాతో తీశాడు, గొట్టం కెమెరాతో తీశాడు. మామగారు ఓపిగ్గా కూర్చున్నారు. ఇంతలో ఆఫీసునుంచి ఫోను. ఓ పాత బిల్డింగులో రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది, లోపల మనిషి ఉంది, వెంటనే పొమ్మన్నారు. “ఇప్పుడే వస్తా మామయ్యా,” అని అల్లుడు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ఆ బిల్డింగు పైన, లిఫ్టు మిషన్ గదిలో, ఏ మెకానిక్కయినా మొట్టమొదట చేసే పనే చేశాడు. మెయిన్ స్విచ్ కట్టేశాడు. టక్కుమంది. చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది.

ఇదే చప్పుడు పొద్దున డాబా మీద కూడా విన్నాడు. మెట్లు దిగబోతూ గోడమీది స్విచ్ తానే కట్టేశాడు. పదిహేనేళ్ళ అలవాటు. మిషన్ వదిలి కదిలితే కరెంటు తీసేసి కదలాలని కొత్త కుర్రాళ్ళకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది అతనే. కరెంటు తీసేస్తే లిఫ్టు ఎవరినీ ఏమీ చేయదు. టెలిస్కోపు అలా కాదు. మోటారు ఆగి అప్పటికే అరగంట దగ్గరపడింది.

మామగారికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఫోను కింద గదిలో చార్జింగులో ఉంటుంది. భార్యకు చేశాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, వార్డులో ఉన్నంతసేపూ ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. కింది వాటా వాళ్ళు పెళ్ళికి వెళ్ళారు.

వదిలేసి పరిగెత్తుదామంటే కింద లిఫ్టులో ఎవరో ఆడమనిషి తలుపు దబదబా బాదుతోంది. “బాబూ, ఊపిరాడట్లేదు! ఎవరైనా ఉన్నారా?” అని ఏడుస్తోంది. ఆమెను అలా వదిలి ఎలా పోతాడు? ఒక చేత్తో బ్రేకు వదులుతూ, ఇంకో చేత్తో పెద్ద చక్రం తిప్పుతూ లిఫ్టును అంగుళం అంగుళం అంతస్తు దగ్గరికి దించాలి. తొందరపడితే జారిపోతుంది. అంత నెమ్మదిగా పని చేస్తూ అంత భయపడటం అతనికి జన్మలో అదే మొదటిసారి. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మనసు ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. ఆఖరున ఏ కెమెరా పెట్టి వచ్చాను? గొట్టం కెమెరా అయితే బతికిపోయాం. సూర్యుడు పడితే కెమెరా కాలుతుంది, కాలనీ, వెధవది. అందులో కన్ను పెట్టే చోటే లేదు. ఫోనయితే నా జేబులోనే ఉంది, మరి అది తీసేశాక అక్కడ ఏముంది? ముందు ఫోను, తర్వాత పెద్దది, తర్వాత గొట్టం. అవును, గొట్టమే ఆఖరు. గొట్టమే. దేవుడా, గొట్టమే అయుండాలి.

లిఫ్టు అంతస్తుకి చేరింది. కిందికి పరిగెత్తి తలుపులు విడదీసి ఆమెను బయటికి లాగాడు. ఆమె తిట్టడానికి నోరు తెరిచేలోపు అతను మెట్ల మలుపులో ఉన్నాడు.

స్కూటరు మీద వస్తుంటే సూర్యుడు మేడల సందుల్లోంచి కనబడుతూనే ఉన్నాడు. ఒక మేడ వెనక మాయమై, ఇంకో మేడ పక్కన ఇంకాస్త పైకొచ్చి తేలుతున్నాడు. రోజూ చూసే సూర్యుడే. ఆ రోజు మాత్రం తమ ఇంటికి తనకంటే ముందు చేరాలని బయల్దేరినట్టు అనిపించింది అల్లుడికి. సిగ్నల్ దగ్గర ఆగాల్సి వచ్చింది. అక్కడ, ఎర్ర దీపం ముందు, మర్చిపోయిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది.

గొట్టం కెమెరా అయ్యాక, తన కంటితో చూస్తానని మామగారు మళ్ళీ అడిగారు. ఆయన కోసమనే గొట్టం కెమెరాను పీకి పెద్ద కెమెరా మళ్ళీ బిగించాడు. శుక్రుణ్ణి సరిగ్గా మధ్యకు తెచ్చి ఆయన్ను దగ్గరికి పిలిచాడు. అప్పుడే ఫోను మోగింది. “ఇప్పుడే వస్తా మామయ్యా” ఒక్కటే కాదు తను అన్నది. ఇంకో మాట కూడా అన్నాడు. “మీరు చూస్తూ ఉండండి.”

ఎర్ర దీపం వెలుగుతుండగానే స్కూటరు ముందుకు దూకించాడు. ఎవరో తిట్టారు, ఎవరో హారన్ కొట్టారు. ఏదీ తలకెక్కలేదు.

ఇంటిముందు స్కూటరుకి స్టాండు కూడా వేయలేదు. అది పడిన చప్పుడు వెనక వినబడుతుండగా మెట్లెక్కాడు. డాబా తలుపు దగ్గర, ఆఖరి మలుపులో, మామగారు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే పైకెక్కుతున్నారు. కళ్ళకు ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్లద్దాలు.

“మామయ్యా! ఆగండి!”

ఆ కేకకు ఆయన ఉలిక్కిపడి పడబోయారు. అల్లుడు వెనకనుంచి రెండు చేతులా పట్టుకుని మెట్టుమీద కూలబడ్డాడు.

“ఏంటయ్యా ఆ అరుపు? ప్రాణం పోయిందనుకున్నా. చూశానయ్యా, మీ శుక్రుణ్ణి! గోరు కత్తిరించి పడేసినట్టు ఎంత బాగున్నాడో. కాసేపటికి పక్కకు జారిపోయాడు. అయినా నువ్వు చూస్తూ ఉండమన్నావు కదా అని చూస్తూనే ఉన్నా. ఖాళీ ఆకాశమే. తర్వాత ఓ మూలనుంచి తెల్లగా వెలుగు మొదలైంది. అలా అలా పెరుగుతోంది. ఏదో రాబోతోందనిపించింది. కన్ను జిగేలుమంటుంటే ఈ అద్దాలు తెచ్చుకుందామని కిందికెళ్ళా. పద, ఇప్పుడు ఇంకా బాగా కనబడుతుంటుంది.”

అల్లుడు లేచి నిలబడ్డాడు. మామగారి భుజం వదలకుండానే డాబా తలుపు తోశాడు.

కెమెరా వెనక కిటికీలోంచి సన్నటి పొగ వస్తోంది. కాలిన ప్లాస్టిక్ కంపు. కిటికీ చుట్టూ ఉండే రబ్బరు కరిగి వంకర తిరిగింది. టెలిస్కోపును చేత్తో పక్కకు తోసి, మూత బిగించి, అల్లుడు గోడకు ఆనుకున్నాడు. ఎదురుగా మామగారి కుర్చీ ఖాళీగా ఉంది. మామగారు పొగను చూశారు, కుర్చీని చూశారు. చెయ్యి మెల్లగా ఎడమకంటి మీదికి వెళ్ళింది.

“నువ్వే కదయ్యా చూస్తూ ఉండమన్నావు,” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

మధ్యాహ్నం కళ్ళ డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. ఇప్పటికైతే మచ్చేమీ కనబడట్లేదన్నాడు. సూర్యుడి అంచు కంట్లో పడిందో, పక్కనున్న వెలుగు మాత్రమే పడిందో చెప్పలేనన్నాడు. “కన్ను లోపల కాలితే నొప్పి పుట్టదు. చూపు మధ్యలో మసకలా వస్తుంది. ఒక్కోసారి మర్నాటికి గానీ తెలియదు. పొద్దున్నే తీసుకురండి,” అన్నాడు.

సాయంత్రం భార్య వచ్చింది. అల్లుడు ఏదీ దాచలేదు, స్విచ్ సంగతితో సహా చెప్పాడు. ఆవిడ ఒంటికాలిమీద లేస్తుందనుకున్నాడు. లేవలేదు. తండ్రి గదివైపు చూసింది.

“రేపు పొద్దున మనం అడుగుతాం. బాగానే కనబడుతోందంటాడు,” అంది. “శుక్లం ముదిరినప్పుడు కూడా అదే మాట. మూడేళ్ళు మనుషుల్ని గొంతులు బట్టి గుర్తుపట్టి, అన్నీ కనబడుతున్నట్టే నమ్మించాడు. ఇప్పుడు నీ వల్ల పోయిందని తెలిస్తే చచ్చినా చెప్పడు. డాక్టరు దగ్గరికీ రానంటాడు.”

అల్లుడికి ఆ మాట డాక్టరు మాటకంటే ఎక్కువ భయం పుట్టించింది. రాత్రంతా కన్ను మూయలేదు. చీకట్లోనే లేచి చొక్కా తొడుక్కుని మామగారి గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెల్లవారింది. భార్య వచ్చి పక్కన నిలబడింది. లోపల మంచం కిర్రుమంది, చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు. తొందరగానే దొరికాయా, తడుముకున్నారా? చెవులు రిక్కించినా తేల్చుకోలేకపోయాడు.

తలుపు తీసుకుని మామగారు బయటికొచ్చారు.

“బాగానే ఉందర్రా. బ్రహ్మాండంగా కనబడుతోంది,” అన్నారు, ఎవరూ అడక్కముందే.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ నమ్మలేదు. ఏదైనా చదివించి చూద్దామా అని ఆవిడ గోడమీది క్యాలెండరు వైపు తిరిగింది. ఆయనకది కంఠతా వచ్చు. అల్లుడు తల దించుకున్నాడు.

మామగారు నాలుగడుగులు వేసి అల్లుడి ముందుకొచ్చి ఆగారు.

“ఇదేంటయ్యా? బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నావు. పైనుంచి కిందిదాకా వంకరే.”

అల్లుడు చొక్కా కేసి చూసుకున్నాడు. నిజమే. సరిచేసుకుందామని చెయ్యి పెట్టాడు గానీ ఒక్క బొత్తామూ ఊడిరాలేదు. భార్య గోడకు ఆనుకుని ఏడ్చేసింది. మామగారు అల్లుడి చేతులు పక్కకు తీసి, కాస్త వంగి, కింది బొత్తాం దగ్గర్నించి ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టడం మొదలుపెట్టారు.