ఎవరి కొత్తపాలెం

నన్ను కొత్తపాలెం బడికి బదిలీ చేస్తూ వచ్చిన కాగితంలో ఏ కొత్తపాలెమో రాయలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా రైల్లో వచ్చి, బస్సుల దగ్గర దారి అడిగితే కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి కొత్తపాలెమండీ?" అన్నాడు. ప్రభుత్వానిదని చెప్పాను. చిరాకు పుడితే నేను అలాగే మాట్లాడతాను. ఆ గుణం తెనాలిలో ఉన్న మా ఇంటావిడ కనకలక్ష్మికి బాగా తెలుసు. అది 1965 జూన్. బస్సు దిగి, మూడు మైళ్ళు ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచాక గానీ నేను చేరవలసింది సింగరయ్య కొత్తపాలెమని తేలలేదు.

సింగరయ్య ఆ ఊరి పెద్ద. డెబ్భై దాటినా వలతాడులా గట్టి మనిషి. రేపల్లె నుంచి బాపట్ల దాకా ఆ తీరాన అయిదు కొత్తపాలేలున్నాయనీ, ఊరి పెద్ద పేరు చేర్చి చెబితే తప్ప ఎవరికీ అర్థం కాదనీ ఆయనే చెప్పాడు. సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తే జనం వెనక్కి జరిగి మళ్ళీ గుడిసెలు వేసుకుంటారు. దానికి కొత్తపాలెం అని పేరు పెడతారు. మరి పాతపాలెం ఏదని అడిగాను. సింగరయ్య అలల వైపు గడ్డం చూపించి చుట్ట వెలిగించుకున్నాడు.

వాళ్ళకో కట్టుబాటుంది. చలికాలంలో పొద్దున పూట ఒడ్డు కనపడనంత మంచు పడుతుంది. పడవలో వచ్చేవాడు అలలు విరిగే చప్పుడు విని ఆగి, "ఏ ఊరూ?" అని కేక పెడతాడు. ఒడ్డున ఎదురు చూస్తున్న ఆడవాళ్ళు "సింగరయ్య కొత్తపాలెం" అని బదులివ్వాలి. ఉత్త కొత్తపాలెం అనకూడదు, పెద్ద పేరు చెప్పి తీరాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఊరి పడవలన్నీ ఒడ్డునే ఉన్నప్పుడు కేక వినపడితే ఎవరూ పలకకూడదు.

"ఎవరో పొరుగూరివాడైతే?" అన్నాను.

"బతికున్నోడయితే మూడోసారి అడగడండి. మంచు తేలిందాకా లంగరేసుకుని కూచుంటాడు," అన్నాడు సింగరయ్య.

చదువుకున్నవాణ్ణి కనుక నాకు నవ్వొచ్చింది. ఆ మరుసటి వేసవిలో తెనాలి లైబ్రరీలో కూర్చుని పెద్ద అట్లాసు వెనక ఊళ్ళ పట్టిక తిరగేస్తుంటే నోవో సెలో అనే పేరు వరసగా కనపడింది. యుగోస్లావియాలో ఎన్నో, బల్గేరియాలో ఎన్నో. లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగు పుట్టి మానేశాను. ఆ మాటకు కొత్త ఊరని అర్థమట. లైబ్రరీలో పనిచేసే వెంకటప్పయ్య గారు ఏదో పుస్తకం వెతికి మరీ చెప్పారు. ఎక్కడైనా జనం ఒకటే, ఒకచోట బతుకు చెడితే ఇంకోచోట దిగి అదే పేరు పెట్టుకుంటారని నాకు భలే సంతోషం వేసింది. సెలవులు కాగానే పాలెం వెళ్ళి సింగరయ్యకు పాఠంలా చెప్పాను.

ఆయన శ్రద్ధగా విని, "వాళ్ళకి కేక ఉందాండి?" అన్నాడు.

"చాలా ఊళ్ళకు సముద్రమే లేదయ్యా."

"అయితే పోయినోడు ఏ ఊరికి తిరిగి రావాలో వాళ్ళకెట్టా తెలిసిద్దండి?"

నేను మాట మార్చేశాను.

1967 జనవరిలో అంకారావు వేట నుంచి తిరిగి రాలేదు. ముప్ఫై ఏళ్ళవాడు. గాలం తగిలి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంటుంది. నా దగ్గరే సంతకం పెట్టడం నేర్చుకుని, పలక కనపడితే చాలు తన పేరు రాసి చూపించేవాడు. ఆ రోజు తోడు రావలసినవాడికి జ్వరం వస్తే ఒంటరిగా పడవ తోసుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున విపరీతమైన మంచు. అతని పెళ్ళాం రత్తమ్మ ఒడ్డున నిలబడి మధ్యాహ్నం దాకా చెవి ఒగ్గింది. కేక రాలేదు. ఆ తరువాత ఏడు రోజులూ రాలేదు. శవం దొరకలేదు కనుక గడ్డితో బొమ్మ చేసి పదకొండో నాడు పెద్దదినం జరిపిద్దామని సింగరయ్య నిర్ణయించాడు.

ఎనిమిదో నాడు రత్తమ్మ బడికొచ్చింది. ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడే మనిషి కాదు.

"మేష్టారూ, పెద్దదినాన నా గాజులు తీస్తారంటండి. ఆయన పోయినట్టు నాకనిపించట్లేదు," అంది. తెనాలిలో ఎండుచేపలమ్మే వెంకటసుబ్బులు ఒక కబురు తెచ్చిందట. బాపట్ల అవతల గురునాథం కొత్తపాలెంలో, అదే మంచు రోజున, పోయాడనుకున్నవాడు ఒకడు తిరిగొచ్చాడట. "నాకు రైలెక్కడం తెలవదు. మీరు తోడొస్తే చూసొస్తానండి."

ఆమె చేతుల నిండా ఆకుపచ్చ గాజులున్నాయి. వాటి వైపు చూస్తూ కాదనలేకపోయాను. రేపల్లెలో రైలెక్కి తెనాలిలో మారి బాపట్లలో దిగాం. అక్కడి నుంచి సగం దూరం ఎద్దుబండి, సగం నడక. దారి పొడుగునా ఆమె ఏమీ తినలేదు.

గురునాథం కొత్తపాలెం అచ్చం మా పాలెంలాగే ఉంది. అదే ఇసక, అవే గుడిసెలు. తిరిగొచ్చినవాడి ఇల్లు అడిగితే ఒక ముసలాయన తనే ముందు నడిచి చూపించాడు. గుమ్మంలో కూర్చుని అంకారావు వల బాగుచేసుకుంటున్నాడు. చీలిన చెవి నాకు స్పష్టంగా కనపడింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఏమయ్యా," అన్నది రత్తమ్మ.

అతను తలెత్తి మా ఇద్దర్నీ మర్యాదగా చూశాడు. "ఎవరు కావాలండి?"

నేను కోప్పడ్డాను. అంకారావూ, ఏంటి ఈ వేషాలు అన్నాను. అతను నొచ్చుకోలేదు. తన పేరు జాలయ్య అనీ, తన పెళ్ళాం మాణిక్యం లోపల వంట చేస్తోందనీ చెప్పాడు. పక్కనున్న ముసలాయన ఆ ఊరి పెద్ద గురునాథమే. "మా జాలయ్యేనండి. నా చేతుల్లో పుట్టాడు," అన్నాడు నేల చూపులు చూస్తూ. చుట్టూ చేరిన వాళ్ళంతా అవునవునన్నారు. ఒక్కరూ నా మొహం చూడలేదు. నా జేబులోని పెన్ను తీసి సంతకం పెట్టమన్నాను. అతను నవ్వి, తనకు అక్షరం ముక్క రాదన్నాడు. పెన్ను మాత్రం నేను నేర్పినట్టే, మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. నాకు భయం వేసింది. ఇంతకంటే గౌరవంగా చెప్పడానికి నాకు మాట లేదు.

మాణిక్యం బయటికొచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. రత్తమ్మను చూడగానే విషయం అర్థమై, చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. నేను దడి పక్కనే ఉన్నాను.

"నా మొగుడు వేటకి ఎళ్ళి అప్పటికి నాలుగు రోజులక్కా," అంది. "మంచులో కేక వినపడింది. ఆయన గొంతు కాదని తెలుసు. పెద్ద పేరు చెబితే ఆ పడవ ఎళ్ళిపోద్దని, ఉత్తి కొత్తపాలెం అన్నాను. నీళ్ళల్లోంచి వచ్చి, ఇదేనా మా ఇల్లు అన్నాడు. అవునన్నాను. ఆ మాటతో ఆయనకి ఇంకేం గుర్తు లేదు. ఊరు కూడా నన్ను చూసి జాలిపడి నోరు మూసుకుంది."

"మరి నీ మొగుడు?"

"ఎక్కడో అడుగుతానే ఉంటాడక్కా. ఎవరూ పలకరు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నీ మనిషిని పిలుచుకో. వస్తే నేను అడ్డం రాను. పాపం చేశానని నాకు తెలుసు."

రత్తమ్మ గుమ్మం ముందుకొచ్చి అతన్ని రమ్మంది. ఏడవకుండా, మామూలుగా, అన్నానికి పిలిచినట్టు పిలిచింది. "మా ఆడదాన్నొదిలి నేనెక్కడికీ రానమ్మా," అన్నాడతను. పరాయి స్త్రీతో మాట్లాడే గౌరవమంతా ఆ గొంతులో ఉంది. ఆ అమ్మా అనే మాట నాకే గుచ్చుకుంది, ఆమెకెలా ఉండి ఉంటుందో. మాణిక్యం మాకు అన్నం పెట్టింది. రత్తమ్మ రెండు ముద్దలు తిని, బాగుందమ్మా అని చెప్పి లేచింది.

పదకొండో నాటి తెల్లవారుజామున మేము మా పాలేనికి చేరేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. మనిషి బతికే ఉన్నాడని చెబుదామని నేను నోరు తెరవబోతే రత్తమ్మ వద్దని తలూపింది. చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు, నమ్మితే మొగుడొదిలేసిన మనిషంటారు. గడ్డి బొమ్మ సిద్ధంగా ఉంది. ఊళ్ళో చావు కనుక ఒక్క పడవా కదలలేదు. పొద్దెక్కినా మంచు విడవలేదు. మంగలి వచ్చాడు, ముత్తయిదువలు చుట్టూ చేరారు, రత్తమ్మను కూర్చోబెట్టారు.

అప్పుడు నీళ్ళలోంచి కేక వచ్చింది.

"ఏ ఊరూ?"

సింగరయ్య చెయ్యెత్తి ఎవరూ పలకవద్దని సైగ చేశాడు. రెండోసారి వచ్చింది. బాగా అలసిపోయిన గొంతు, నీళ్ళు మింగుతూ మాట్లాడినట్టుంది. నేను మూడోసారి రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను. చదువూ అట్లాసూ ఏమీ గుర్తు రాలేదు. మూడోసారి కూడా వచ్చింది.

రత్తమ్మ లేచింది. ఎవరు పట్టుకున్నా ఆగకుండా మోకాలి లోతు నీళ్ళలోకి నడిచింది.

"సింగరయ్య కొత్తపాలెం," అంది గట్టిగా. "నీ ఊరు ఇది కాదు. నీది గురునాథం కొత్తపాలెం. ఒడ్డు పట్టుకుని పడమటకి పో. మాణిక్యం అక్కడుంది."

తరువాత, చాలా దగ్గర నుంచి, "మాణిక్యమా," అన్నదా గొంతు. తెడ్డు చప్పుడు పడమటకి సాగిపోయింది.

ఆమె ఏం చేసిందో ఆ ఒడ్డున నా ఒక్కడికే తెలుసు. మాణిక్యం మొహం నా కళ్ళ ముందుంది. లేచి ఆమె నోరు మూయించగలిగేవాణ్ణి, అది అబద్ధం, అటు వెళ్ళకు నాయనా అని ఆ పడవవాడికి నేనే అరవగలిగేవాణ్ణి. అరవలేదు. నిజం చెప్పాలంటే రత్తమ్మ మొగుడు రత్తమ్మకు రావాలనే నాకుంది. కేకకు బదులిచ్చిన రోజున కర్మ జరపడం అరిష్టమని సింగరయ్య పెద్దదినం ఆపేశాడు. గాజులు ఉండిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం అంకారావు బస్సు దిగి ఇసకలో నడుచుకుంటూ వచ్చాడు. ఊరంతా కౌగలించుకుంది. ముసలివాళ్ళు ఏడ్చారు. బడి ముందు నన్ను చూసి, "ఏంటి మేష్టారూ, అట్టా చూస్తున్నారు?" అన్నాడు. జనం పలచబడ్డాక రత్తమ్మ అతనికి అన్నం పెడుతూ నన్ను కూడా కూర్చోమంది.

అతను ఆకలిగా తిన్నాడు. తింటూనే చెప్పాడు. "అక్కడున్నన్నాళ్ళూ అదే నా ఇల్లనుకున్నానండి. నిన్న పొద్దున మంచులో వాళ్ళాయన వచ్చాడు. ఒంటినిండా నాచు. గుమ్మంలో నిలబడి ఇదేనా మా ఇల్లు అన్నాడు. అప్పుడు నేనెవరో గుర్తొచ్చింది. లేచి వచ్చేశాను."

"ఆ పిల్ల?" అంది రత్తమ్మ.

"లోపలుంది. ఆయన లోపలికెళ్ళి తలుపేశాడు."

రత్తమ్మ గరిటె చట్టిలోనే ఉంచింది. "అరిచిందా?"

"అరవలేదు. అక్కా, అక్కా అని ఎవర్నో పిలిచింది. వీధి చివరి దాకా వినపడింది." అతను ఇంకొంచెం పులుసు కోసం కంచం ముందుకు జరిపాడు. "ఆ పిల్లకి అక్కున్నట్టు నాకెప్పుడూ చెప్పలేదు."

రత్తమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.