మొదటి నీళ్ళు

గుడి బట్టలు ఉతికిన మొదటి నీళ్ళు మోరీలో పోయకూడదు. పూజలో ఫాదర్ పాత్ర తుడిచే చిన్న తెల్ల గుడ్డలు, పీఠం మీద పరిచే చదరపు గుడ్డలు వారం వారం మా ఇంటికి వస్తాయి. వాటి మీద క్రీస్తు శరీరమని పంచే దివ్యసత్ప్రసాదపు నలుసో, ఆయన రక్తమనే ద్రాక్షారసపు చుక్కో ఉండొచ్చు. అందుకని ముందు వాటిని విడిగా ఒక గిన్నెలో జాడించి, ఆ నీళ్ళు ఎవరూ తొక్కని మట్టిలో పోయాలి. ఆ తర్వాతే సబ్బు, ఆ తర్వాతే మోరీ. మా అమ్మ చేసేది. అమ్మ పోయాక నేను చేస్తున్నాను. ఆ నీళ్ళు మా అన్న ఇంటి పెరట్లో దానిమ్మ చెట్టుకు పోస్తాను. కల్లూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం వీధి వీధంతా బిందెలు పట్టుకుని నిలబడే ఎండాకాలంలో కూడా ఆ చెట్టు పచ్చగా ఉంటుంది. మా వదిన శౌరీలు దాని కాయలు కోసి పుట్టింటికి పంపుకుంటుంది. నీళ్ళు పోసే మనిషికి మాత్రం ఎవరైనా చుట్టాలొచ్చినప్పుడల్లా ఒక మాట వడ్డిస్తుంది.

"మొగుని గుడ్డలు ఉతకలేక వచ్చి, దేవుని గుడ్డలు ఉతుకుతాంది మా ఆడబిడ్డ."

ఉతకలేక రాలేదు నేను. మంగంపేటలో కాపురమున్నన్నాళ్ళూ ఉతికాను. ఆయన ముగ్గురాయి గనుల్లో సూపర్‌వైజరు. చొక్కా ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు బూడిద రంగులోనే ఉండేవి. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. అందుకే నేను వచ్చేసినప్పుడు ఎవరికీ నా మీద జాలి కలగలేదు. "నీ చేతులు ఈడ పని చేస్తాంటాయి, మనిషివి మాత్రం యాడుంటావో" అనేవాడు. ఎక్కడుంటానో అప్పట్లో నాకూ తెలియదు. కల్లూరు తిరిగొచ్చాక, మంచం పట్టిన అమ్మకు సూది వేయడానికి మహిమ అనే నర్సు ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు అమ్మను పక్కకు ఒత్తిగిలి పడుకోబెడుతుంటే ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను ఎక్కడా లేనని.

అన్నా వదినలకు మహిమ నా స్నేహితురాలు. వీధికి నర్సమ్మ. నాకు తను ఏమవుతుందో చెప్పే మాట కోసం చాలా వెతికాను. వెతికి వెతికి ఒక్కసారే నోరు తెరిచి చెప్పాను, అదీ పాపసంకీర్తనంలో, అప్పటి ఫాదర్‌కి. ఆయన కోప్పడలేదు. "ఆ స్నేహం వదిలేసి రా తల్లీ, అప్పుడు పాపవిమోచనం ఇస్తాను" అన్నారు మెత్తగా. నేను వదల్లేదు. పాపవిమోచనం లేనిదే దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదు. అప్పటినుంచి అందరూ దివ్యసత్ప్రసాదానికి వరుసగా లేచి పోతుంటే, వెనక బల్ల మీద కూర్చుని, మోకాళ్ళు ఒక పక్కకు తిప్పుకుని, పోయేవాళ్ళకు దారి ఇస్తున్నాను. మొగుణ్ణి వదిలేసింది కదా, అందుకే పోదు అనుకుంటుంది గుడంతా. అనుకోనీ. ఆ పాత్ర తుడిచే గుడ్డ నా చేతుల మీదుగా పోతుంది, ఆ పాత్రలోది మాత్రం నా నోటికి రాదు. పెళ్ళివాళ్ళ ఇంట్లో వంట చేసిన మనిషి పంక్తిలో కూర్చోకూడదన్నట్టు.

మహిమకు ఈ బరువులేవీ ఉండవు. ఆలూరు వైపు ప్రొటెస్టెంటు ఇంటి పిల్ల. నా పక్కన కూర్చోవడానికే మా గుడికి వచ్చింది. వచ్చి ఉపదేశం నేర్చుకుంది, బిషప్ గారి చేత నుదుట నూనె రాయించుకుని భద్రమైన అభ్యంగనం కూడా తీసుకుంది. అయినా ఇప్పటికీ ఎప్పుడు మోకరించాలో నన్ను చూసే మోకరిస్తుంది. వరుస లేచినప్పుడు తను లేచేది కాదు. "నువ్వు పోనప్పుడు నేనెందుకు మే" అని నా పక్కనే ఉండిపోయేది. ఆ మాట నాకు ఎంత తీపో ఎవరికీ చెప్పలేదు. వారమంతా వదిన విదిలింపుల్లోకి అదే నంజుకుని బతికేదాన్ని.

అలాంటి మనిషి, ఈస్టరుకు ముందొచ్చే ఈ తపస్సుకాలం మొదట్లో ఎవరో పేషెంటు వెంట కడపకు పోయి వచ్చి, ముఖం వెలిగిపోతూ చెప్పింది. "ఆడ పాత హాస్టలు వెనక సిస్టర్ రెజీనా అని ఒకామె ఉండాది. మనలాంటోళ్ళు శనివారం శనివారం ఆడ కూడతారు మే. ఆడోళ్ళూ ఉండారు, మొగోళ్ళూ ఉండారు. ముసలి ఫాదర్ ఒకాయన వచ్చి పూజ చేస్తాడు. ఎవురూ మనల్ని వింతగా చూడరు. నువ్వూ రా."

"నాకు గుడి ఈడ్నే ఉండాది" అన్నాను.

ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. పోయి వచ్చిన ప్రతిసారీ కృపమణి కబుర్లే. కృపమణి ఎంత బాగా పాడుతుందో. కృపమణికి ఎంత ధైర్యమో, వాళ్ళమ్మకు తనే చెప్పేసిందట. కృపమణి చేసిన బొరుగుల ఉగ్గాని. ఆ ఉగ్గాని దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా నేను చేసి పెట్టిన ఉగ్గానిని కారం ఎక్కువైందనో తక్కువైందనో అన్నదే గానీ బాగుందని ఒక్కనాడు అనలేదు. ఫోను మోగి మహిమ నవ్వుకుంటూ చూస్తే, ఆ నవ్వు ఎవరి కోసమా అని కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోయేదాన్ని. ఇంట్లో మొగుడు ఫోను దాచుకుంటే పెళ్ళాలు పడే బాధ గురించి వినేదాన్ని. ఆయనతో ఉన్నప్పుడు ఆ బాధ నాకు ఒక్కరోజు కూడా రాలేదు. ఇప్పుడు వడ్డీతో సహా వచ్చి కూర్చుంది.

చివరికి పోయిన ఆదివారం గుడి నుంచి వస్తూ షేర్ ఆటో దిగాక మహిమ అనేసింది. "నేనింక కల్లూరు గుడికి రాను లూర్దూ. నీ పక్కన కూర్చుంటే దాక్కున్నట్టుంటాది. ఆడ కూర్చుంటే కూర్చున్నట్టుంటాది."

"ఆ కృపమణి పక్కనా?" అన్నాను.

మహిమ నా వైపు ఒకసారి చూసి, తన గది ఉన్న సందులోకి తిరిగిపోయింది. ఇలా పోతూ పోతూ ఒకసారి తిరిగి రాదు, అంతే, అనిపించింది. వారమంతా అన్నం సహించలేదు.

నిన్న శనివారం. మహిమ తెల్లారే కడప బస్సెక్కేసిందని తెలుసు. గుడి బట్టలు గిన్నెలో జాడిస్తున్నాను. ఈ పాటికి నంద్యాల దాటి ఉంటుంది, ఆళ్ళగడ్డ దాటి ఉంటుంది, బస్సు దిగగానే కృపమణి ఎదురొస్తుంది కాబోలు అనుకుంటూ లేచి, గిన్నె ఎత్తి వంచేశాను. నీళ్ళు మోరీలోకి జారిపోయాయి. మొదటి నీళ్ళు. మా అమ్మ జ్వరంతో ఉన్నా తప్పని పని. గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. దేవుణ్ణి మోరీలో పోసేశానన్న భయం కంటే, ఆ పోసిన మనిషిని చూస్తే ఎక్కువ భయం వేసింది. ఆ చేతులు నావి, మనిషిని మాత్రం మళ్ళీ ఎక్కడా లేను.

తడి గుడ్డలు గిన్నెలోనే వదిలి చీర మార్చుకున్నాను.

"యాడికి పోతాండావు? మధ్యాన్నం వంట ఎవురు చేస్తారు?" అంది వదిన. ఎవరైనా చేస్తారనో, చేయరనో అనొచ్చు. చెప్పులేసుకుని బస్టాండు దారి పట్టాను.

కడపలో అడుగుతూ అడుగుతూ పోయేసరికి పొద్దు వాలుతోంది. పాత హాస్టలు వెనక ఒక పొడుగాటి గది. లోపల పూజ జరుగుతోంది. గుమ్మంలోకి పోకుండా కిటికీ పక్కన నిలబడి చూశాను. దొంగలా కాదు, మొగుడి మీద అనుమానంతో వచ్చిన పెళ్ళాంలా. పాడుతున్నది కృపమణే అని వెంటనే తెలిసింది. నేను అనుకున్నదానికంటే అందంగా ఉంది. కనీసం పళ్ళు ఎత్తుగానైనా ఉండి ఉంటే కొంచెం బాగుండేది. కానీ మహిమ ఆమె పక్కన లేదు. ఇంకో మూల గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అందరూ లేచారు. మహిమ కూడా లేచింది, నన్ను చూడకుండానే, ఎవరినీ చూసి నేర్చుకోకుండానే. ముసలి ఫాదర్ ముందు నిలబడి రెండు చేతులూ చాపింది.

నాకు కళ్ళ నిండా నిప్పులు పోసినట్టయింది. కృపమణి మీద కాదు. ఆ క్షణంలో కృపమణి నాకు గుర్తు కూడా లేదు. నా వెనకాల వచ్చిన మనిషి నాకంటే ముందు లోపలికి పోయింది. జపమాల చెప్పడం నా దగ్గర నేర్చుకున్నది, మోకాళ్ళెప్పుడు వంచాలో తెలియనిది. దేవుడి గుడ్డలు ఉతికింది నేను, ఆయన పిలిచింది దాన్నా? ఇంత కుళ్ళు నాలో ఉందని నాకే తెలియదు. అక్కడ నిలబడలేక పెరట్లోకి పోయాను. కుళాయి దగ్గర మధ్యాహ్నం తిన్న గిన్నెలు పడున్నాయి. చీర కుచ్చెళ్ళు దోపుకుని కూర్చుని తోమడం మొదలుపెట్టాను. ఏడుపొచ్చినా కోపమొచ్చినా నా చేతులకు తెలిసిన దారి అదొక్కటే.

పూజ అయిపోయినట్టుంది. సిస్టర్ బయటికి వచ్చింది. బక్కగా, నెరిసిన జుట్టు, కాళ్ళకు రబ్బరు చెప్పులు.

"ఎవురమ్మా నువ్వు? పనికి మేము ఎవుర్నీ పిలవలేదే."

"నన్ను ఎవురూ యాడికీ పిలవలేదులే సిస్టర్."

ఆమె వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చుంది. కృపమణి గురించి చెప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకని రెండోది చెప్పాను. "ఈ పొద్దు గుడి బట్టల మొదటి నీళ్ళు మోరీలో పోసినా సిస్టర్. ఏదో అసూయలో ఒళ్ళు తెలీక పోసినా."

సిస్టర్ నవ్వింది. "మోరీలో పడితే ఆయనకేం కాదులే. అంతకంటే అధ్వాన్నమైన తావుల్లోకి పోయొచ్చినాడు. అసూయ ఎవురి మీదనో అది చెప్పు."

లోపలి వైపు చూశాను. ఆమెకు అర్థమైంది. "ఓ, లూర్దువి నువ్వేనా? మొదటి రెండుసార్లు ఆ పిల్ల ఈడ కూడా లేచి పోలేదు, తెలుసునా? ఏమ్మా అంటే, ఆమె పోకుండా నేను పోనంటాది. నేనే తిట్టినా. ఆకలైనోళ్ళు ఇద్దరూ ఒకరికొకరు కాపలా కూర్చుంటే ఇద్దరికీ పస్తేనమ్మా అని." నా చేతిలో గిన్నె లాక్కుంది. "గుడి పెద్దోళ్ళు ఏం రాసి పెట్టినారో నాకు తెలుసు. దాన్ని నేను మార్చలేను. తలుపు తీసేది మాత్రం నా చేతిలో ఉండాది. లేచి చేతులు కడుక్కో."

లోపల ముసలి ఫాదర్ ఇంకా కుర్చీలోనే ఉన్నారు. ఆయన ముందు మోకరించి, ఇన్నేళ్ళ కిందట చెప్పిందే మళ్ళీ చెప్పాను, ఈసారి దానికి కుళ్ళు కూడా కలిపి. మొత్తం విన్నారు. వదిలెయ్యమనలేదు. "ఆ పిల్లను అనుమానించి బాధపెట్టినావు చూడు, దానికి పశ్చాత్తాపపడు" అన్నారు. నేను ఇంకేమైనా అంటారేమోనని తలవంచుకుని ఉన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి పాపవిమోచనం చదివారు. అది చివరిదాకా విన్నది ఎప్పుడో కూడా గుర్తులేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. మహిమ గుమ్మంలో నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు, అక్కడ్నుంచి పోనూ లేదు.

తిరుగు బస్సులో అడగలేక అడిగాను, "ఆ ఉగ్గాని అంత బాగుంటాదా?"

"కుళ్ళుబోతుదానివి మే నువ్వు" అని నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

ఈ పొద్దు ఆదివారం. గుడి వాకిట్లో ఉపదేశి ఏసేపన్న ఎదురొచ్చాడు. "లూర్దమ్మా, బట్టలు యాడ? ఫాదర్ అడుగుతాండాడు."

"గిన్నెలోనే ఉండాయి అన్నా. బీరువాలో ఇంకో జత ఉండాది, తీసుకో. ఈ పొద్దు నేను చాకిరీకి రాలేదు, భోజనానికి వచ్చినా."

ఏసేపన్నకు అర్థం కాలేదు. మా ముందే లోపలికి పోతున్న వదిన మాత్రం వెనక్కి తిరిగి చూసింది. మహిమ ఇంక రానన్న గుడికి మళ్ళీ వచ్చి, నా పక్కనే కూర్చుంది. వరుస కదిలింది. అలవాటుగా మోకాళ్ళు పక్కకు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. ఇద్దరం లేచాం. మహిమ బల్ల చివరన ఉంది కాబట్టి ముందు తనే అడుగు వేసింది. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, దాని ముందు నేను నిలబడ్డాను.