గంగక్క రాయని మాట

ఆడవాళ్ల సంఘం ఆఫీసు తాళం తీయగానే, పుస్తకాలు రాసే గంగక్క చేసే మొదటి పని బల్ల కాళ్ల కింది గిన్నెల్లో నీళ్లు నింపడం. లేకపోతే స్టాకు రిజిస్టరుకు చీమలు పట్టేవి. అందులో ఇప్పపువ్వు అని రాసిన చోట ఇప్పపువ్వు వాసన వచ్చేది. తేనె లెక్క రాసిన పేజీలు వేళ్లకు అంటుకునేవి. హాజరు పుస్తకంలో నిజంగా వచ్చి కూర్చున్న వాళ్ల వేలిముద్రలు, మనిషి పోయినా సరే, వెచ్చగానే ఉండేవి. ఇక మీటింగుల పుస్తకం తెరిస్తే ఆ రోజు మాటలన్నీ వినిపించేవి.

దుమ్ముగూడెం దాటి అడవి అంచున ఉన్న ఆ గూడెంలో ఎవరికీ ఇది వింత కాదు. "పుస్తకం సక్కగ రాస్తే గట్లనే ఉంటది" అనేది సంఘం ప్రెసిడెంటు భీమక్క.

పోయిన వానాకాలం జ్వరమొచ్చి భీమక్క చనిపోయింది. ఆ గొంతు వింటే తట్టుకోలేనని గంగక్క మీటింగుల పుస్తకంలో పాత పేజీలు తెరవడం మానేసింది. ప్రెసిడెంటు కుర్చీ ఖాళీగానే ఉంది.

"నువ్వే కూసో అక్కా. మా అమ్మ గూడ గదే అన్నది గద" అని భీమక్క కూతురు భవాని ఎన్నిసార్లు అడిగినా, "పుస్తకంల లేదు గద పిల్లా" అని తప్పించుకునేది.

ఆ ఖాళీ కుర్చీ కల్లూరు వ్యాపారి వెంకటరామారావు కంట పడింది. ఇప్పగింజల నూనె తీసే షెడ్డును సంఘం తనకు రాసిచ్చిందని అర్జీ పెట్టాడు. షెడ్డు పోతే ఆడవాళ్లు మళ్లీ గింజలు గంపల్లో మోసుకెళ్లి, అతను చెప్పిన ధరకే పోసి రావాలి.

విచారణకు సర్కారు ఆఫీసు నుంచి అధికారి శారద మేడం వచ్చింది. ఆడవాళ్లంతా గోడల వెంట నిలబడ్డారు. వెంకటరామారావు ఒక కొత్త పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"పాతది నిండిందని ఇది తెరిచిన్రు మేడం. తీర్మానం ఇందులోనే ఉంది. భీమక్క వేలిముద్ర గూడ ఉంది."

శారద పుస్తకం తెరిచింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వేలిముద్ర మీద వేలు పెట్టి చూసింది.

"చల్లగా ఉందే?"

"కొత్త బుక్కు గదా మేడం. గొంతు రావడానికి టైం పడుతుంది."

"మా ఆఫీసులో నిన్న రాసిన ఫైలు ఇవాళ పొద్దున్నే మాట్లాడిందండీ" అని శారద గంగక్క వైపు తిరిగింది. "అదే తారీఖు మీ పుస్తకంలో తియ్యమ్మా."

గంగక్క మీటింగుల పుస్తకం తెరిచింది. పేజీ తిప్పింది.

రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. ఎవరి చంకలోనో పసిపిల్ల ఏడుపు. ఆ తర్వాత దగ్గుతూ భీమక్క గొంతు.

"షెడ్డు మనది. ఎవ్వరికీ ఇచ్చేది లేదు. రాస్కో గంగా."

భవాని కొంగు నోట్లో కుక్కుకుంది. పుస్తకం ఆగలేదు.

"ఇంగో మాట. నేను రేపు ఉంటనో ఉండనో. నా తర్వాత ఆ కుర్చీల గంగ కూసుండాలె. ఏమంటరు?"

"అవ్! అవ్!" అని గదంతా అరుపులు. వాటి మధ్య గంగక్క గొంతే, "ఊకో అక్కా!" అంటూ. పెద్ద నవ్వు.

శారద పేజీ పైనుంచి కిందికి చూసింది. "షెడ్డు సంగతి రాశావు. ఈ రెండోది రాయలేదేం?"

"సిగ్గయింది మేడం."

"నీకు ఇష్టమైనదే రాస్తే అది నీ పుస్తకమవుతుంది. జరిగిందంతా రాస్తేనే సంఘం పుస్తకం."

వెంకటరామారావు అర్జీని శారద అక్కడికక్కడే కొట్టేసింది. అతని మూగ పుస్తకాన్ని సాక్ష్యంగా సంచిలో వేసుకుంది. అతను జీపెక్కి వెళ్లిపోయాడు.

గంగక్క పెన్ను భవానికిచ్చి, వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. భీమక్క అన్న మాట, అందరూ ఒప్పుకున్న సంగతి తానే చెప్పి రాయించింది. సగంలో ఏడ్చింది. ఈలోగా ఎవరో ఆగలేక షెడ్డులో మిషను ఆన్ చేశారు. ఆ మోతకు ప్రెసిడెంటు తన మొదటి తీర్మానాన్ని అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఈ ఏడు మన నూనె మనమే భద్రాచలం తీస్కపోయి అమ్ముదాం!"

గోడల వెంట ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారే చేతులెత్తారు.

భవాని గబగబా రాసి తలెత్తింది. "అక్కా, మధ్యల నువ్వు ఏడ్సింది గూడ రాయాల్నా?"

"రాయి" అంది గంగక్క కళ్లు తుడుచుకుంటూ. "అన్నీ రాయి."