కోరానికి ఒక్కరు తక్కువ

పాతిక మందికి సరిపడా ఉల్లిపాయలు తరుగుతూ ఆమె గోడ అవతలి హాజరు పిలుపు వింటోంది. చుట్టుపక్కల పదకొండు చర్చిల మంచీచెడూ తేల్చే ప్రెస్బిటరీ సభ అది. ఒక్కో చర్చి నుంచి పాస్టరు, ఒక పెద్ద వస్తారు. ఈ ఏడు తమ చర్చి ఎన్నుకున్న పెద్ద ఆమే. "ఎలాగూ వంటకి వస్తావుగా, నీ పేరే ఇచ్చేద్దాం" అన్నాడు భర్త. ఆయన సభకి సెక్రటరీ. ఓటు లేదు, కోరం లెక్కలోకీ రాడు, పెత్తనానికి మాత్రం లోటు లేదు. ఆయన గిలికి తెచ్చే మినిట్స్‌ని పద్నాలుగేళ్లుగా సాపు రాసేది ఆమె. నియమాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. సభలో కూర్చున్నది మాత్రం ఒక్కసారీ లేదు. ఈసారైనా లోపలికొస్తానంటే, "వంటింట్లోకి వినపడుతూనే ఉంటుందిగా" అని తేల్చేశాడు.

వానకి దారులు మునిగి చాలామంది రాలేదు. పిలుపు ముగిసేసరికి కోరానికి ఒక్కరు తక్కువ. భర్త వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, ఒక్క నిమిషం వచ్చి కూర్చోమనీ, లెక్క రాసుకోగానే వెళ్లిపోవచ్చనీ బతిమాలాడు.

ఆమె చేతులు తుడుచుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంది. ఆయన లెక్క రాసుకుని కళ్లతోనే తలుపు చూపించాడు. ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేను వెళ్తే కోరం పోతుంది. ఆ తర్వాత ఏ తీర్మానమూ చెల్లదు. పన్నెండో నియమం."

అధ్యక్షుడైన ముసలి పాస్టరు పుస్తకం తిరగేసి, అమ్మ చెప్పింది నిజమేనన్నాడు. అంతలో మాడు వాసన. పాస్టర్లూ పెద్దలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరు కదిలినా సభ రద్దే. లెక్కలో లేని మనిషి ఒక్కడే. అందరి తలలూ సెక్రటరీ వైపు తిరిగాయి.

"మరి మినిట్స్ ఎవరు రాస్తారు?" అన్నాడాయన నీరసంగా.

"ఎప్పుడూ రాసేదాన్నే" అంది ఆమె, కలం అందుకుంటూ.

సభ గొల్లుమంది. ఆమెకు నవ్వాగలేదు. ఇంత సంతోషం ఇన్నేళ్లూ ఒక్క గోడ అవతలే ఉందా అనుకుంది.

మొదటి తీర్మానానికి చేతులు లెక్కపెడుతుండగా ఆయన గరిటెతో గుమ్మంలోకొచ్చి, కారం ఎంత వెయ్యాలని అడిగాడు. ఆమె ఎత్తిన చెయ్యి దించలేదు.

"ఓటింగు నడుస్తోంది. అధ్యక్షుల వారి అనుమతి తీసుకుని అడగండి."